రెక్కల విషయంలో బావగారి అభ్యంతరాలు

రాళ్ల కొట్టు,
ఫిబ్రవరి 3.

బావగారికి నమస్కారం.

మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మా ఇంటావిడ, అదే మీ చెల్లెలు, మీరు మర్చిపోయి వెళ్లిన కళ్లజోడు పార్సిల్ చేసింది. అందిందా? అందకపోతే ఈ ఉత్తరం మీకు చదివి పెడుతున్నవాళ్లకి కూడా నా నమస్కారం.

అసలు సంగతికి వస్తాను. అక్క మిమ్మల్నీ నన్నూ వదిలి పోయి మూడు నెలలు నిండాయి. మట్టి బాగా సర్దుకుంది, నిన్న ఇనపకడ్డీ గుచ్చి చూశాను. వానలు పడకముందే రాయి నిలబెట్టేస్తే మంచిది. ముప్ఫై ఏళ్లుగా ఎవరెవరి సమాధులకో రాళ్లు చెక్కుతున్నాను. సొంత అక్క తలాపున మాత్రం ఇంకా చెక్క శిలువే ఉంది, దాని మీద పేరు అప్పుడే వెలిసిపోతోంది. రోజూ ఆ దారినే పోతాను. తలెత్తి చూడలేకపోతున్నాను.

పాలరాయి నా దగ్గరే ఉంది. ఏడేళ్ల కిందట తెచ్చినది, ఒక్క చార కూడా లేదు. పాత దుప్పటి చుట్టి కొట్టు వెనక దాచాను. ఎవరడిగినా అమ్ముడైపోయిందనేవాణ్ని. ఎవరికోసం దాస్తున్నానో నాకే తెలిసేది కాదు.

బొమ్మ సంగతి మీరు తేల్చాలి. మా కొట్లో దేవదూతలు నాలుగు రకాలు. ఒకటో నంబరు చేతులు జోడించి నిలబడుతుంది. రెండో నంబరు తల వంచి ఏడుస్తుంది. మూడో నంబరు బూర ఊదుతుంది. నాలుగో నంబరు పసిపిల్లాడు, ఉంగరాల జుట్టు, బూరెల్లాంటి బుగ్గలు. రెక్కలు అన్నిటికీ ఉంటాయి. మామూలుగా అచ్చులో సిమెంటు పోసి తీస్తాం, అక్కకి మాత్రం చేత్తో చెక్కుతాను. రెండో నంబరైతే బావుంటుందని మీ చెల్లెలు అంటోంది. రాయి మీద ఏం రాయాలో కూడా మీరే పంపండి. వాక్యం విషయంలో మీ ముందు నోరెత్తే ధైర్యం నాకు లేదు.

మీ బావమరిది

*

బోధకుల పాఠశాల,
ఫిబ్రవరి 19.

బావమరిదికి ఆశీస్సులు.

కళ్లజోడు అందింది. ఒక కమ్మీ వంగింది, కానీ చదువుకోవడానికి ఇబ్బంది లేదు. మోకాలు ఎప్పటిలాగే ఉంది.

నీ నాలుగు నంబర్లలో ఒక్కటి కూడా లేఖనంలో లేదు. దూతలు బూర ఊదడం ఉంది, కానీ ఊదినవాళ్లకి రెక్కలున్నాయని ఎవరూ రాయలేదు. గబ్రియేలు వేగంగా ఎగిరి వచ్చాడని ఉంది, దేనితో ఎగిరాడో లేదు. ఏడ్చే దూత లేదు. పసిపిల్లాడి రూపంలో దూత అసలే లేడు. ఆడ దూత కూడా లేదు. జెకర్యా దర్శనంలో ఇద్దరు స్త్రీలకి కొంగ రెక్కలున్న మాట నిజమే, కానీ వాళ్లు దూతలని చెప్పలేదు. ముందే రాస్తున్నాను, ఎవరైనా నీ చెవిన వేస్తే అదే పట్టుకుని వేలాడతావు.

ఇది నీ ఒక్కడి తప్పు కాదు. గత వారం క్లాసులో ఇరవై రెండుమంది విద్యార్థులని దేవదూత బొమ్మ వేయమన్నాను. ఇరవై రెండుమందీ రెక్కలున్న అమ్మాయిని వేశారు. ఒకడు ఆమె చేతికి వీణ ఇచ్చాడు. ఒకడు ఎత్తు మడమల చెప్పులు తొడిగాడు. ఎక్కడ చూశావని అడిగితే సబ్బు ప్రకటనలో అన్నాడు. ఇంకొకడు భుజం మీద కూర్చునే వేలెడంత దూతని వేశాడు, రెండో భుజం మీద సైతానుతో సహా. కార్టూన్లలో చూశాడట. వచ్చే ఏడాది వీళ్లు బోధకులై జనానికి మార్గం చూపిస్తారు.

పోయినవాళ్లు దూతలవుతారన్నది కూడా ఎక్కడా లేదు. మనుషులు వేరు, దూతలు వేరు. కాబట్టి బొమ్మ వద్దు. నున్నటి రాయి చాలు. రాయాల్సిన మాటల గురించి ఆలోచిస్తున్నాను.

మీ బావ

*

రాళ్ల కొట్టు,
మార్చి 6.

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపించాను. విని, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంది. ఇన్నేళ్లలో ఏ సమాధిలోంచీ ఎవరూ లేచి రెక్కలెందుకు పెట్టావని అడగలేదు కదా అని ఆవిడ వాదన. నేను మాత్రం మీ పక్షమే. రెక్కలు వద్దంటే నాకూ సమ్మతమే. ఎందుకో మీకు తెలుసు.

కానీ నున్నటి రాయి వద్దు బావగారూ. నా పనంతా ఊళ్లోవాళ్ల మీద చూపించి, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషికి గడప రాయి పెట్టినట్టుంటుంది. మా నంబర్లు తప్పంటున్నారు, సరే. లేఖనంలో దూత ఎలా ఉంటాడో కొలతలతో సహా రాయండి. అలాగే చెక్కుతాను.

మీ బావమరిది

*

బోధకుల పాఠశాల,
మార్చి 27.

బావమరిదికి ఆశీస్సులు.

రెక్కలు లేకపోతే నీకు పని తగ్గుతుందని నాకు తెలుసు. అది నువ్వు ప్రత్యేకంగా చెప్పక్కరలేదు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. యెషయా దర్శనంలో చూసిన సెరాపులనే దూతలకి ఆరేసి రెక్కలు. రెండింటితో ముఖం కప్పుకుంటారు, రెండింటితో కాళ్లు కప్పుకుంటారు, రెండింటితో ఎగురుతారు. యెహెజ్కేలు చూసిన కెరూబులనే ఇంకో రకానికి నాలుగేసి ముఖాలు. మనిషి, సింహం, ఎద్దు, గద్ద. పాదాలు దూడ గిట్టల్లాంటివి. పక్కనే చక్రంలో చక్రం, వాటి అంచుల నిండా కళ్లు. కొలతలు ఇవ్వలేదు.

మామూలుగా కబురు తెచ్చే దూతలు మాత్రం మనుషుల్లాగే ఉంటారు. అబ్రాహాము వాళ్లని బాటసారులనుకుని కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి అన్నం పెట్టాడు. ఇంకొక దూత జైల్లోకి వచ్చి, నిద్రపోతున్న శిష్యుణ్ని డొక్కలో తట్టి లేపి, చెప్పులు తొడుక్కోమన్నాడు. అంతే. పాటలు పాడలేదు.

ఇదంతా చదివాక దూతని రాతిలో చెక్కడం మనవల్ల కాదని నీకే అర్థమవుతుంది. మాటల గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

మీ బావ

*

రాళ్ల కొట్టు,
మే 2.

బావగారికి నమస్కారం.

ఆలస్యానికి క్షమించాలి. ఊరికే కూర్చోలేదు, మీ లెక్క ప్రకారమే పని మొదలుపెట్టాను.

ముందు సెరాపుని మట్టితో చేసి చూశాను. ముఖం మీద రెండు రెక్కలు, కాళ్ల మీద రెండు. ఇక నేను చెక్కడానికి మిగిలిందేమిటి? పూర్తయ్యాక దూరం జరిగి చూస్తే అచ్చం క్యాబేజీలా ఉంది. తరువాత కెరూబుని కాగితం మీద గీసి కొట్టు గోడకి అంటించాను. ఎద్దు ముఖం అక్క వైపు తిప్పాలా, దారి వైపు తిప్పాలా తేలలేదు. అంతలో భర్త పోయిన ఒకావిడ రాయి కోసం వచ్చి, ఆ కాగితం చూసి, చక్రాల కళ్లన్నీ తననే చూస్తున్నాయని చెప్పి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. కాగితం తీసేశాను.

ఇక మీ మూడో రకమే మిగిలింది. దుప్పటి విప్పి, పాలరాతి మీద ఉలి పెట్టేశాను. మామూలు మనిషి. పొడుగు అంగీ, కాళ్లకి చెప్పులు, చేతిలో ఏమీ లేదు. నడుము దాకా వచ్చాడు, ముఖం కూడా అయింది. ఫోటో పెడుతున్నాను.

మీ చెల్లెలు చూసి, "ఎవరండీ ఈయన? కరెంటు మీటరు చూడ్డానికి వచ్చే మనిషిలా ఉన్నాడు," అంది. దేవదూత అని చెప్పాను. "అయితే ఆ చేతులు అలా వేలాడేశాడేం? వదిన దగ్గర పనేమీ లేదా?" అంది. సమాధుల కాపలాదారు కూడా వచ్చాడు. చాలాసేపు చూసి, "బావగారా?" అని అడిగాడు. కాదన్నాను. "మరి ఆవిడ సమాధి మీద ఈ మగమనిషి ఎవరు బాబూ? నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు," అన్నాడు. లేఖనం ప్రకారం అని చెప్పాను. అయినా ఆయన మనసు కుదుటపడలేదు.

మీరు చెప్పినట్టే చేశాను కాబట్టి మీకు నచ్చుతుందనే ధైర్యంతో ఉన్నాను. మాటలు త్వరగా పంపండి.

మీ బావమరిది

*

బోధకుల పాఠశాల,
మే 30.

బావమరిదికి.

నేను చెక్కమనలేదు. చెక్కకూడదు అనడానికి కారణాలు రాశాను. నువ్వు వాటిని ఆర్డరనుకున్నావు.

ఫోటో చూశాను. ముఖం మరీ మెత్తగా ఉంది. దూతని చూసినవాళ్లు భయంతో నేల మీద పడిపోయారని రాసి ఉంది. నీ మనిషిని చూస్తే ఎవరైనా కుర్చీ వేసి మంచినీళ్లిస్తారు. అంగీకి మెడ దగ్గర గుండీలున్నాయి. ఆ కాలంలో గుండీలు లేవు. ఎడమ చెవి కుడి చెవి కన్నా కిందికి ఉంది. ఇవన్నీ చూసుకోకుండా తొందరపడ్డావు.

పని ఆపు. నేను చెప్పేదాకా ఉలి ముట్టుకోవద్దు. మాటల సంగతి కూడా అడగవద్దు, పరీక్ష పేపర్లు దిద్దే పనిలో ఉన్నాను.

మీ బావ

*

రాళ్ల కొట్టు,
ఆగస్టు 11.

బావగారికి.

పని ఆపి రెండు నెలలు దాటింది. వానలన్నీ అక్క చెక్క శిలువ మీదే కురిశాయి. ఇప్పుడు పేరు కనిపించడం లేదు. ఎవరి సమాధో అని మొన్న ఎవరో అడుగుతుంటే విన్నాను.

ఇంతకాలం మీ మాటకి ఎదురు చెప్పలేదు. రెక్కలు వద్దన్నారు, మానేశాను. ఆడమనిషి వద్దన్నారు, మగమనిషిని చేశాను. గుండీలు తప్పన్నారు, ఇసుక కాగితం పెట్టి అరగదీశాను. చెవి మాత్రం నా చేతుల్లో లేదు, రాయి అక్కడ పలచగా ఉంది. అబ్రాహాము కూడా వాళ్లకి నీళ్లిచ్చి అన్నం పెట్టాడని మీరే రాశారు, అలాంటప్పుడు నా మనిషికి కుర్చీ వేస్తే తప్పేమిటి? ఒక అభ్యంతరం తీరిస్తే ఇంకొకటి పుట్టుకొస్తోంది. ఇది రాయి గురించిన అభ్యంతరం కాదని అర్థం చేసుకోవడానికి నాకు పెద్ద చదువు అక్కరలేదు.

మీ ఊరి నుంచి వచ్చినవాళ్లు రెండు సంగతులు చెప్పారు. అక్క చీరలన్నీ ఒక్కరోజులో పంచేశారట. ఇంటికి లోపలా బయటా కొత్తగా సున్నం వేయించారట. మీ చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదని మీకు తెలుసు. ఆవిడ అనేసింది. పెళ్లాం సమాధికి రాయి వద్దంటూ ఇంటికి సున్నం కొట్టించే మగవాడి మనసులో ఏముంటుందో ఆడదాన్ని, నాకు చెప్పాలా అంది. నేను కోప్పడ్డాను. కానీ మీరు నోరు విప్పకపోతే నేను కూడా అదే అనుకోవాల్సి వస్తుంది. మీరు మళ్లీ పెళ్లి చేసుకుంటే చేసుకోండి. అక్క పేరు మాత్రం వానకి వదిలేయకండి.

సంతకం పెట్టడానికి కూడా కోపంగా ఉంది.

*

బోధకుల పాఠశాల,
ఆగస్టు 20.

బావమరిదికి.

సున్నం వేయించింది నేను కాదు, పాఠశాలవాళ్లు. కప్పు కారి గోడలు పాడయ్యాయి. అన్ని ఇళ్లతోపాటు నా ఇంటికీ వేశారు. చీరలు పంచాను, నిజమే. అలమర తెరిచినప్పుడల్లా ఆమె వాసన వచ్చి అక్కడే కూర్చుండిపోయేవాణ్ని. రెండుసార్లు క్లాసుకి వెళ్లలేదు. అందుకే ఇచ్చేశాను. ఇచ్చాక తెలిసింది, ఆ వాసన కూడా పోయిందని. అరవై మూడేళ్ల వయసులో, ఈ మోకాలితో నేను పెళ్లి చేసుకోబోతున్నానని ఊహించగలిగినందుకు చెల్లెలికి నా అభినందనలు చెప్పు.

నువ్వన్నది మాత్రం నిజం. రాయి గురించిన అభ్యంతరం కాదు.

పోయిన రోజు మధ్యాహ్నం ఆమె మీ ముందుగదిలో కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉంది. నేను పక్కన కూర్చుని చదువుకుంటున్నాను. ఉన్నట్టుండి, "ఏవండీ, అక్కడ ఎవరో నిలబడ్డారు. దేవదూతలా ఉన్నాడు. తెల్లటి రెక్కలు," అంది. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు. "రెక్కలుండవు. సెరాపులకి ఉంటాయి, వాళ్లకైతే ఆరు," అన్నాను. పేజీ తిప్పాను. కాసేపటికి ఊపిరి తేడాగా అనిపించి, నర్సుకి ఫోన్ చేయడానికి వీధి గుమ్మంలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నువ్వు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. నీ ముఖం చూసి తెలుసుకున్నాను.

ముప్ఫై ఆరేళ్ల కాపురంలో నేను ఆమెతో అన్న ఆఖరి మాట అది. తప్పు దిద్దాను.

దూతల మీద ప్రతి ఏడూ పాఠం చెబుతాను. దూత వచ్చినప్పుడు చాలాచోట్ల మొదట అనే మాట భయపడవద్దని. పరీక్షలో ఆ ప్రశ్న తప్పకుండా ఇస్తాను. ఆ మాట అనాల్సిన ఒక్క సందర్భం నాకు వచ్చింది, నేను రెక్కలు లెక్కపెట్టాను. రాయి మీద ఏం రాయమంటావు? కాగితం ముందు కూర్చున్నప్పుడల్లా నాకు అదొక్కటే వినిపిస్తుంది. ఆమె లేక చాలా కష్టంగా ఉంది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ రాయలేదు. రాయి నిలబెడితే ఇక దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

మీ బావ

*

రాళ్ల కొట్టు,
ఆగస్టు 29.

బావగారూ, మీ కాళ్లు పట్టుకుంటున్నాను.

మీ చెల్లెలు రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. తన నోటిని తనే తిట్టుకుంటోంది. నేనూ తిట్టాను, తరువాత నన్ను నేను తిట్టుకున్నాను.

బావగారూ, మీకు తెలుసనుకున్నాను. తెలియదని ఇప్పుడు తెలిసింది. మీరు ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వెళ్లినప్పుడు నేను కొట్లోంచి లోపలికి వచ్చాను. చేతులకి రాతిపొడి ఉంటే లుంగీకి తుడుచుకుని అక్క పక్కన కూర్చున్నాను. కళ్లు తెరిచింది. గుర్తుపట్టింది. "మీ బావ రెక్కలుండవన్నారురా," అంది. నాకేమీ అర్థం కాలేదు. ఏమిటక్కా అన్నాను. "అక్కడున్నప్పుడు ఉన్నట్టనిపించింది. ఇప్పుడు దగ్గరికొచ్చాక చూశాను. లేవు. మీ బావ చెప్పిందే నిజం," అంది. నవ్వుతూనే అంది బావగారూ. భయం లేదు ఆ ముఖంలో. నా చెయ్యి నొక్కింది. అంతే.

మీరిద్దరూ ఎప్పటిలాగే ఏదో వాదించుకుని ఉంటారు, ఆఖర్న ఒప్పుకుందనుకున్నాను. మీ ముందు కూడా అదే అని ఉంటుందనుకున్నాను. అందుకే మీరు రెక్కలు వద్దని రాయగానే అక్క మాట నిలబెడుతున్నారనుకుని వెంటనే సరేనన్నాను. ఎందుకో మీకు తెలుసని రాసింది దాని గురించే. మీరు నా బద్ధకం గురించనుకున్నారు. ఇన్ని నెలలు ఈ ముక్క నా దగ్గరే ఉంచుకుని గుండీలు అరగదీస్తూ కూర్చున్నాను.

నా మనిషి నిలబడే ఉన్నాడు, రెక్కలు లేకుండా. అక్క చూసినట్టే. మీరు ఊఁ అంటే తీసుకెళ్లి పెట్టేస్తాను.

మీ బావమరిది

*

బోధకుల పాఠశాల,
సెప్టెంబరు 4.

బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం క్లాసులో ఉండగా అందింది. అక్కడే విప్పాను, తప్పు చేశాను. ఇరవై రెండుమంది ముందు ఏడ్చాను. పాఠం ప్రభావమనుకుని ఇద్దరు తోడు ఏడ్చారు.

నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. ఫలానా తేదీకి రాయి ఇస్తానని చెప్పడం తప్ప నువ్వు ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. ఆలస్యం గురించి బాధపడకు. దానియేలు దగ్గరికి వచ్చిన దూత కూడా దారిలో మూడు వారాలు చిక్కుకుపోయాడు. చెల్లెల్ని అన్నం తినమను.

అయితే నేను నమ్మనిది మీ అక్కని. ముప్ఫై ఆరేళ్లు ఆమె నాతో వాదించింది. తను ఓడిపోయినప్పుడు ఎప్పుడూ ఒప్పుకోలేదు, ముఖం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లేది. "మీరు చెప్పిందే నిజం" అని నవ్వుతూ అందంటే తను గెలిచిందని అర్థం. దారి తప్పి రెండు ఊళ్లు అవతల తేలినప్పుడు కూడా సరిగ్గా ఆ మాటే అంది, మ్యాపు నా చేతిలో ఉంది కాబట్టి. నేను చిన్నబుచ్చుకోవడం ఆమెకి ఇష్టం ఉండేది కాదు. ఆ నిమిషంలో కూడా నన్ను ఒప్పని తేల్చి వెళ్లాలనుకుంది. నేను తలెత్తి చూడలేదు, ఆమె చూసింది. చూసినవాళ్ల మాటే మాట.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. రాయి మీద పేరు, తేదీలు చాలు. వాక్యం వద్దు, పెడితే మళ్లీ ఆమెతో వాదనకి దిగినట్టుంటుంది. నీ మనిషి ముఖం అలాగే ఉండనీ, చెవితో సహా.

రెక్కలు పెట్టు. రెండు చాలు.

మీ బావ